జెయింట్ వీల్ లేని ఎగ్జిబిషన్

పెళ్లయి బందరు వచ్చాక నాకు దొరికిన తీరికంతా రంగుల్లోకే పోయింది. ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు చెప్పేదాన్ని. సెలవొస్తే బస్సెక్కి దివిసీమ వైపు వెళ్లి, కాలవ గట్లు, లాకులు, పడవలు చూసి వచ్చి బొమ్మలు వేసేదాన్ని. మంచాల కింద, బీరువా వెనక, చివరికి బియ్యం డబ్బా మీద కూడా అవి పేరుకుపోయాక మావారు అన్నారు, "వీటిని జనానికి చూపిస్తావా, నన్ను ఇల్లు మారమంటావా?"

మొదటి ప్రదర్శన మా పుట్టిల్లు గుడివాడలో పెట్టాను. నాన్నగారి స్నేహితుడొకాయన ఒక క్లబ్బు హాలు ఇప్పించారు. ఆహ్వాన పత్రిక నేనే రాశాను: 'వర్ణ సమీరం, జలవర్ణ చిత్రకళా ప్రదర్శన'. శుభలేఖ కంటే అందంగా ఉందన్నారు అందరూ. అది దేనికి పిలుపో మాత్రం ఎవరికీ అర్థం కాలేదు.

తీరా హాలుకి వెళ్తే అక్కడి వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. "గోడలకి మేకులు కొట్టకూడదండీ. మొన్ననే సున్నాలేశారు."

చేసేది లేక ఒక్కో బొమ్మనీ ఒక్కో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. దాంతో మనుషులకి కుర్చీలు లేకుండా పోయాయి. ముఖ్య అతిథిగారికి మోకాళ్ల నొప్పులట. ఒక సూర్యాస్తమయాన్ని లేపి ఆయన్ని కూర్చోబెట్టాం. ఆయన మా నాన్నగారి మంచితనం గురించి చాలాసేపు మాట్లాడి, బొమ్మల వైపు వీపు పెట్టి ఫొటో దిగి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లంతా చుట్టాలే. మిక్చరు పొట్లం చేత్తో పట్టుకుని మా పెద్దమ్మ హాలంతా తిరిగొచ్చింది.

"అన్నీ కాలవలేనా అమ్మాయ్? ఒక్క దేవుడి పటమన్నా లేదే!"

ఇంటికొచ్చి మళ్లీ కుంచె పట్టనని శపథం చేశాను. అది విని మా మరిది నవ్వాడు. అతనికి బందరులో షామియానాలు, మైకుసెట్లు అద్దెకిచ్చే షాపుంది.

"కార్డులు చూసి పెళ్లిళ్లకే రావట్లేదు వదినా, బొమ్మలకొస్తారా? నువ్వు బొమ్మల సంగతి చూసుకో. జనం సంగతి నాకొదిలెయ్."

ఊళ్లో ఒక ఖాళీ స్థలంలో షామియానా వేసి, చుట్టూ పరదాలు కట్టి, వాటి ముందు వెదురు బద్దలకి బొమ్మలు తగిలించాడు. సీరియల్ బల్బులు వద్దంటే వినలేదు. ఆటోకి మైకు కట్టి, తన గొంతుతోనే క్యాసెట్ రికార్డు చేసి ఊరంతా తిప్పించాడు. 'చిత్రకళా ప్రదర్శన' అనే చోట నాలుక మడత పడుతోందని ఆ మాట తీసేశాడట. అది నాకు తర్వాత తెలిసింది. ఊరు విన్నది ఇది: "ఎగ్జిబిషన్! ఎగ్జిబిషన్! మన బందరులో ఎగ్జిబిషన్! పిల్లాపాపలతో తరలిరండి!"

తరలివచ్చారు. సాయంత్రానికి షామియానా ముందు సైకిళ్లు పెట్టడానికి చోటు లేదు. నా ఆనందం మొదటి ప్రశ్న దాకానే నిలిచింది.

"జెయింట్ వీల్ ఎటు పక్కండీ?"

వెనకాల ఇంకొకాయన, "బావిలో మోటారు సైకిల్ తిప్పేది ఎన్నింటికండీ?" అన్నాడు. ఇంతలో పెద్ద మూకుడుతో అప్పడాల బండి ఒకటి వచ్చి గేటు పక్కనే పొయ్యి వెలిగించింది. ఎగ్జిబిషన్ అంటే అప్పడం ఉండాలి కదా! చంకలో పిల్ల రంగులరాట్నం కావాలని ఏడుస్తుంటే ఆ తల్లి నా వైపు చూసిన చూపుకి పరదా వెనక్కి వెళ్లి దాక్కుందామనిపించింది.

మా మరిది మాత్రం చెక్కు చెదరలేదు. "వీల్ లేదండీ, కాలవలున్నాయి. రండి, రండి. టిక్కెట్ కూడా లేదు."

టిక్కెట్ లేదనేసరికి లోపలికి వచ్చారు. బొమ్మల కింద నేను చాలా ఆలోచించి పేర్లు రాసిపెట్టాను. ఒక పెద్దమనిషి కళ్లజోడు సవరించుకుని ఒకదాన్ని చదివి, నన్ను అడిగాడు.

"ఈ 'నిశ్శబ్దం' ఏ మండలమండీ?"

"అది ఊరు కాదండీ. పులిగడ్డ దగ్గర కాలవ."

"అట్లా చెప్పండి మరి! మా అత్తగారి ఊరెళ్లే దారేగా." వెంటనే భార్యని కేకేశాడు. ఆవిడ చూసి అది పులిగడ్డ కానే కాదు, చల్లపల్లి దారంది. పక్కనున్నవాళ్లు ఆ మొగుడూ పెళ్లాలిద్దరిదీ తప్పేనని, అది మోపిదేవి అని తేల్చారు. గుడివాడలో ఎవరూ కన్నెత్తి చూడని బొమ్మ ముందు ఇప్పుడు గుంపు పోట్లాడుకుంటోంది. నాకు కడుపు నిండిపోయింది. మర్నాడు పొద్దున్నే 'నిశ్శబ్దం', 'నిరీక్షణ' అన్నీ తీసేసి ఊళ్ల పేర్లు రాశాను. అప్పడాల నూనె చేతులు బొమ్మల మీద పడకుండా ముందు తాడు కట్టించాను. పిల్లలు ఆ తాడు పట్టుకుని ఊగి, వచ్చిన పని పూర్తి చేసుకున్నారు.

ఆఖరి రోజు కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులున్న రైతొకాయన, భార్యతో కలిసి పెద్ద బొమ్మ ముందు నిలబడ్డాడు.

"బాగుందండీ, తీసుకుంటాం. కానీ గట్టంతా ఖాళీగా ఉంది. దానిమీద మా స్కూటర్ వెయ్యండి."

నాకు ఒళ్లు మండింది. "అది బొమ్మండీ, స్కూటర్ స్టాండు కాదు."

"ఖాళీగానే ఉందిగదండీ మరి," అన్నాడాయన శాంతంగా. "ఆదివారం వస్తాం."

ఆ బొమ్మని ఇంటికి తెచ్చి గోడకి ఆనించి చూశాను. నీళ్లు, ఆకాశం బాగానే ఉన్నాయి. మనుషుల్ని వెయ్యడం రాక నేను గట్లన్నీ ఖాళీగా వదిలేస్తానని నాకూ తెలుసు. ఆయన మాటకి కోపం వచ్చింది అందుకే. రెండు రోజులు దానికేసి చూడకుండా తిరిగి, శనివారం స్టాండు వేసి నిలబెట్టిన చిన్న నీలం స్కూటర్ ఒకటి వేశాను. ఎవరో బండి ఆపి నీళ్లలోకి దిగినట్టయింది. ఆ మనిషి ఇప్పుడే పైకొస్తాడన్నట్టు గట్టు ఎదురుచూస్తోంది.

ఆదివారం ఆయన చాలాసేపు చూశాడు. "మాది ఆకుపచ్చదండీ."

"నీళ్ల పక్కన నీలమే నప్పుతుందండీ."

"పోన్లెండి, మా బండికే రంగేయించుకుంటాం," అంది భార్య.

ఆవిడ స్కూటర్ వెనక సీట్లో కూర్చుని, ఫ్రేము ఒళ్లో పెట్టుకుని, బొమ్మ బయటికి కనబడేలా పట్టుకుంది. దుమ్ము పడుతుంది, లోపలికి తిప్పమన్నాను.

"ఉండనివ్వండి, నలుగురూ చూస్తారు," అంది.

ఊరి నడిబొడ్డున కోనేరు సెంటర్ మీదుగా అలాగే వెళ్లారట. చూసినవాళ్లు మా మరిదికి చెప్పారు.