సారు రాని రోజే నడిచే కంప్యూటరు

ఉదయం ఐదుంముప్పావుకు ఇమ్లీబన్ బస్టాండులో నాగర్‌కర్నూల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కీ ఎక్కకముందే కండక్టరుతో తగువు పడ్డాను. కారణం నా అట్టపెట్టె. అందులో మూడు వందల మీటర్ల నెట్‌వర్క్ కేబుల్ చుట్ట ఉంది. పైన సామాన్ల అరలో అది పట్టదు, సీటు కిందికి దూరదు.

"ఏంది మేడం ఇది?" అన్నాడు కండక్టరు.

"తీగ."

"మోటరుదా?"

"కాదు, కంప్యూటర్లది."

"కంప్యూటర్లకు గింత తీగనా!" అని అతను లగేజీ టికెట్టు కొట్టి నా చేతిలో పెట్టాడు.

నేనప్పుడు హైదరాబాదులో కంప్యూటర్లు అమ్మి, వాటిని ఒకదానితో ఒకటి కలిపే చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల మూడూ అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. ఆ మూడు ఊళ్ళలోనూ విత్తనాలు, ఎరువుల దుకాణాలున్న ఒక సేటు సంక్రాంతి వెళ్ళాక మా దగ్గర కంప్యూటర్లు కొన్నాడు. ముందు కౌంటర్లో బిల్లు కొడితే వెనక గోదాములో ఉన్న కంప్యూటరు మీద అది కనబడాలి. అది చూసి గోదాము మనిషి బస్తా ఇవ్వాలి. ఏర్పాటు ఇంతే. తీరా మృగశిర వచ్చి, వాన పడి, రైతులు వరస కట్టే వేళకు అప్పుడప్పుడు ఆగే బిల్లులు గోదాముకు చేరడమే మానేశాయి. "గురువారం లోపల బాగు కాకపోతే మీ డబ్బాలు మీరే మోసుకుపోండ్రి, మేం మళ్ళ బిల్లు బుక్కులే రాసుకుంటం" అని సేటు మా బాసుకు ఫోన్ చేశాడు.

జనవరిలో మా వాళ్ళు సామాను దింపి వచ్చారు కానీ, సెట్టింగులన్నీ ఫోన్లో చెప్పి చేయించింది నేను. ఆ ఊళ్ళు చూడటం ఇదే మొదలు. మొదటి రెండూ బాగుచేయాలి, గద్వాలలో కొత్త గోదాముకు లైను ఎలా లాగాలో చూసి లాగి రావాలి. చేతిలో ఉన్నవి మూడు రోజులు.

షాద్‌నగర్ దాటాక నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. కోడేరు దగ్గర రైతు. కాళ్ళు నా పెట్టె మీద చాపుకుని, కాసేపటికి, "బిడ్డా, ఓ ఇరవై మీటర్లు ఇయ్యరాదు? నా బోరుకు సరిపోతది" అన్నాడు.

"ఇది బోరు మోటరుకు పనికిరాదు తాతా, కాలిపోతుంది. దీంట్లోంచి మాటలే పోతాయి."

"మాటలకు తీగ ఎందుకు బిడ్డా? మా ఇంట్ల తీగ లేకనే దినమంత నడుస్తయి."

ముందు సీట్లోని ఆడవాళ్ళు నవ్వారు. ఆ దారిన వెళ్ళేవాళ్ళు జడ్చర్లలో బస్సు ఆగినప్పుడే తినడం మంచిది. పది నిమిషాలు ఆపుతాడు, ఇడ్లీ వేడిగా ఉంటుంది. తర్వాత నాగర్‌కర్నూల్ దాకా ఏమీ దొరకదు.

తొమ్మిది నలభైకి దిగి, రిక్షా మీద పెట్టె వేసుకుని దుకాణానికి వెళ్ళాను. అక్కడి లెక్కల గుమస్తా శ్రీశైలం నా కోసం గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పదకొండు దాంక మంచిగుంటది మేడం. అటెన్క పండుకుంటది."

"హబ్ ఎక్కడుంది?" అన్నాను. కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే చిన్న పెట్టె అది.

అతను మొలతాడుకున్న తాళంచెవి తీసి ఇనప బీరువా తెరిచాడు. లోపల పాలిథిన్ కవరు, దాని కింద తువ్వాలు, దాని కింద హబ్. ముట్టుకుంటే దోసె పెనంలా కాలింది.

"కొత్త సామాను గదా మేడం, దుమ్ము పడ్తదని జర భద్రంగ పెట్టినం."

దాని మీది కవరు, తువ్వాలు తీసేసి, గోడకు ఎత్తుగా చెక్క కొట్టించి దాని మీద పెట్టాను. "దీనికి గాలి కావాలి" అన్నాను. శ్రీశైలం తల పైకెత్తి, మూడు రోజులుగా తిరగని ఫ్యాను చూపించి, "మాకే లేదు మేడం" అన్నాడు. పదకొండు దాటింది, పన్నెండు దాటింది, లైను ఆగలేదు. బస్టాండు ఎదుట హోటల్లో జొన్నరొట్టె, పప్పు తిన్నాను. నా పనితనం మీద నాకే గౌరవం పుట్టింది. రెండున్నరకు బిజినేపల్లి మీదుగా వనపర్తి వెళ్ళే బస్సులో కూర్చున్నప్పుడు, రేపు మధ్యాహ్నానికల్లా మొత్తం పని అయిపోతుందనుకున్నాను.

వనపర్తిలో లాడ్జి ఆయన నన్ను, నా పెట్టెను మార్చి మార్చి చూసి, "ఒక్కదానివేనా? రూములు లేవు" అన్నాడు. తాళంచెవులన్నీ వెనక గోడకు వేలాడుతున్నాయి. దుకాణానికి ఫోన్ చేస్తే కౌంటర్లో పనిచేసే సుజాత వచ్చి, "లాడ్జి ఎందుకు అక్కా, మా ఇంటికి రా" అని తీసుకుపోయింది. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకు నా సలహా ఒకటే, ముందే ఒక ఇంటి అడ్రసు దగ్గర ఉంచుకోండి.

అన్నం పెడుతూ సుజాత గొంతు తగ్గించింది.

"అక్కా, ఒక మాట చెప్త, సారుతోని అనొద్దు. మా సారు వస్తే కంప్యూటరు నడ్వది."

సారంటే మేనేజరు బాలకిష్టయ్య.

"ఎవరొస్తే ఏముంది? తీగకు మనుషులు తెలుస్తారా?" అన్నాను.

"నాకు తెల్వదు. ఆయన పొద్దుగాల వచ్చి కూసున్న దినం గోదాముకు ఒక్క బిల్లు పోదు. పాన్‌గల్ దిక్కో అమరచింత దిక్కో ఊళ్ళు తిరగనీకి పోయిన దినం గడియారం లెక్క నడుస్తది. రెండు నెలల సంది చూస్తున్నం. పాపం, ఆయనకు గూడ ఎరుకైంది. కుర్చి తూర్పుకు తిప్పిండు. ఉంగరం చేయించుకుండు. అర్ర తలుపు తీసి ఇంకో దిక్కు పెట్టించిండు. ఇంక లాభం లేదని, ఫలాన ఊరి రైతు పిలుస్తుండని చెప్పి మేమే పొద్దుగాల బయటికి పంపుతున్నం. పోతడు. ఆడ ఎవ్వరు పిలిచి ఉండరు. తిరిగొస్తడు."

నాకు నవ్వాగలేదు. సుజాత నవ్వలేదు. "బదిలీ ఇయ్యుండ్రని సేటుకు చిట్టి రాసిండు అక్కా. ఇరవై ఏండ్ల సంది ఈ దుకాణంలనే ఉన్నడు" అంది.

మర్నాడు ఏడున్నరకు వెళ్ళేసరికి దుకాణం తెరిచే ఉంది. బాలకిష్టయ్య గారే ఊడ్పించి, తన గదిలో కంప్యూటరు ఆన్ చేసి, దానికి దండం పెట్టుకుంటున్నారు. యాభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, కొత్త ఉంగరం. నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"మేడం, మీరు పని చేసుకునేటప్పుడు నేను బయటికి పోవాల్నా?"

"అక్కర్లేదు సార్, ఇక్కడే ఉండండి" అన్నాను. ఆయన నమ్మలేదు. బయటికెళ్ళి ఎరువు బస్తాల పక్కన స్టూలు మీద కూర్చున్నారు. అప్పటికే ముప్పై మంది రైతులు వరసలో ఉన్నారు. అందులో ఒకాయన చాలా మర్యాదగా, "సారూ, జర చాయ్ తాగి నిమ్మళంగ రాపో, మేం ఇత్తనాలు తీస్కొని పోతం" అన్నాడు.

కేబుల్ చివర్లు విప్పి టెస్టరు పెట్టాను. ఎనిమిది దీపాలూ వరసగా వెలిగాయి. హబ్ చల్లగా ఉంది. కరెంటు సరిగ్గా ఉంది. ఎనిమిదిన్నరకు గోదాము మనిషి జంగయ్య వచ్చి తన కంప్యూటరు ఆన్ చేశాడు. తెర మీద ఏదో చిన్న గడి కనబడింది. చదివేలోగా అతను టక్కున నొక్కేశాడు.

"ఆగు జంగయ్యా! ఏమొచ్చింది అది?"

"ఏదో ఇంగ్లీషుల వస్తది మేడం. ఓకే కొడ్త, పోతది."

"ఎప్పటి నుంచి వస్తోంది?"

"ఏప్రిల్ సంది. వచ్చినప్పుడల్ల కొడుతున్న."

మళ్ళీ ఆన్ చేయించి, అతని చెయ్యి పట్టుకుని ఆపి చదివాను. ఈ కంప్యూటరు నంబరే ఇంకో కంప్యూటరుకు కూడా ఉంది అంటోంది అది. లైనులో ఉన్న ప్రతి కంప్యూటరుకూ ఒక నంబరు ఇస్తాం, ఇంటి నంబరులా. ఒకే నంబరు రెండింటికి పడితే ముందు లేచినది దాన్ని పట్టుకుంటుంది, తర్వాత లేచినదాన్ని లైనులోకి రానివ్వదు.

బాలకిష్టయ్య గారి గదిలోకి వెళ్ళి ఆయన కంప్యూటరు చూశాను. అదే నంబరు. ఆయన అందరికంటే ముందొచ్చి ఆన్ చేస్తారు కనుక నంబరు ఆయన దగ్గరే ఉండిపోతోంది. జంగయ్యకు మిగలడం లేదు. ఆయన ఊళ్ళ మీదికి పోయిన రోజు జంగయ్యకు దొరుకుతోంది. పాపం, ఆయన ఎంత తొందరగా డ్యూటీకి వస్తే దుకాణం అంత తొందరగా ఆగిపోతోంది.

ఆ నంబరు ఆయనకు ఎవరిచ్చారు? సంచిలోంచి నా నోటుబుక్కు తీశాను. వనపర్తి పేజీ. ఏప్రిల్‌లో సారు గదికి మూడో కంప్యూటరు వచ్చినప్పుడు నేనే రాసిన వరస. పై వరసలోని నంబరునే కింద కూడా ఎక్కించాను. దాన్నే సుజాతకు ఫోన్లో చదివాను.

ఒక్క అంకె మారిస్తే చాలు, నిమిషం పని. మార్చేశాను. జంగయ్య తెర మీద బిల్లులు బిలబిలా వచ్చి పడ్డాయి. నోటుబుక్కు ఎవరూ చూడలేదు. సరిగ్గా అప్పుడే బాసు ఫోన్ చేశాడు. "నడిచిందా? భేష్. వాళ్ళ కరెంటు బాగాలేదని రిపోర్టు రాసెయ్" అన్నాడు.

బయట బస్తాల పక్కన ఆయన అలాగే కూర్చుని ఉన్నారు. లోపల పని నడవడం చూసి, తాను బయట ఉన్నందుకే నడుస్తోందనుకుని, కదలకుండా కూర్చున్నారు. ఆ కూర్చోవడం చూశాక నావల్ల కాలేదు.

"సార్, లోపలికి రండి. తప్పు దొరికింది. మీ కంప్యూటరుకు, గోదాము కంప్యూటరుకు ఒకే నంబరు ఇచ్చారు. ఇచ్చింది నేనే."

వరసలోని రైతులంతా ఇటు తిరిగారు. ఆయన స్టూలు మీంచి లేచారు.

"అంటే... నా రాత గాదా?"

"కాదు సార్. నా చేతి రాత."

ముందు జంగయ్య నవ్వాడు, తర్వాత వరస మొత్తం. ఆయన మాత్రం నవ్వలేదు. "రెండు నెలలు మేడం" అన్నారు. "రెండు నెలలు నా ఇంట్లకెల్లి నేనే భయపడుకుంట వచ్చిన." నేను తల దించుకున్నాను. తిడతారనుకున్నాను. ఆయన జేబులోంచి ఫోన్ తీసి, నంబరు కలిపి నాకందించారు.

"గీ మాట మా ఇంటామెకు మీరే చెప్పుండ్రి. నేను చెప్తే నమ్మది."

ఆమెకు మొదటి నుంచి చెప్పాను. ఓపిగ్గా విన్నది. "కంప్యూటరు సంగతి సరే బిడ్డా," అంది చివరికి, "మా ఇంట్ల మిక్సీ గూడ పాడైంది. దానికి గూడ మీ నంబరేనా?"

అప్పుడు నవ్వారు బాలకిష్టయ్య గారు. ఉంగరం మాత్రం తీయలేదు. వానాకాలం పోయేదాకా ఉండనీ అన్నారు.

సాయంత్రం నాలుగుంపావు బస్సుకు బయలుదేరాను. పెబ్బేరు దాటాక బీచుపల్లి వంతెన కింద కృష్ణ ఎర్రగా, పలచగా పారుతోంది. ఎర్రవల్లి చౌరస్తా నుంచి గద్వాల దాకా పత్తి చేలు మొలకలేస్తున్నాయి. కిటికీ పక్క సీటు, చల్లగాలి, అన్నీ ఉన్నాయి. నేను మాత్రం నోటుబుక్కులో గద్వాల పేజీ నంబర్లు మళ్ళీ మళ్ళీ సరిచూసుకుంటూ కూర్చున్నాను.

గద్వాలలో దుకాణానికి, కొత్త గోదాముకు మధ్య ఒక సందు, ఒక చేనేత ఇల్లు ఉన్నాయి. వాళ్ళ మిద్దె మీది నుంచి తప్ప తీగ లాగే దారి లేదు. ఉదయం వెళ్ళి అడిగాను. రాట్నం మీద కండెలు చుడుతున్న శంకరమ్మ అనే ఆవిడ, "నూలు ఆరేసే దిక్కు రాకుంట తీస్కపో" అని ఒప్పుకుంది. పదకొండుకల్లా దూరం కొలిచి తీగ కోశాను. చివర్లకు ప్లగ్గు బిగించడానికి వాళ్ళ అరుగు మీదే కూర్చున్నాను. లోపల ఎనిమిది రంగుల సన్నతీగలుంటాయి, వాటిని ఒక వరసలో పేర్చాలి. వందల సార్లు చేసిన పనే. ఆ రోజు మాత్రం ఒక్కో తీగ దగ్గరా ఆగి ఆగి చూసుకున్నాను. శంకరమ్మ రాట్నం ఆపి చూస్తోంది.

"అవ్వా, ఈ చివర వరస, ఆ చివర వరస ఒకటేనా చూస్తావా?" అని రెండూ ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ కళ్ళద్దాలు కూడా పెట్టుకోలేదు. "ఈడ నీలం ముందుంది, ఆడ పచ్చ ముందుంది. మార్చినవ్" అంది. నిజమే. కోసేసి మళ్ళీ పేర్చాను. "ఇప్పుడు ఒకటే. గని పచ్చ జత ఇడగొట్టి నడ్మల నీలం ఎందుకు పెట్టినవ్? అంచు మంచిగ రాదు గట్ల."

"దాని పద్ధతే అంత అవ్వా."

"ఏం పద్ధతో" అని ఆవిడ రాట్నం తిప్పుకుంది. టెస్టరులో ఎనిమిది దీపాలూ వెలిగాయి. మిద్దె మీదుగా తీగ లాగాక, గోదాములో మొదటి బిల్లు పన్నెండుంపావుకు కనబడింది.

మధ్యాహ్నం గద్వాల స్టేషన్లో కాచిగూడ వెళ్ళే రైలెక్కాను. మిగిలిన తీగ దుకాణంలోనే వదిలేశాక ఖాళీ అయిన అట్టపెట్టెను ఎదుటి సీటావిడ నిద్రపోతున్న పిల్లకు దిండు చేసింది. ఒళ్ళో కాగితం పెట్టుకుని రిపోర్టు రాశాను. వనపర్తి కింద 'కారణం' అన్న చోట కరెంటు అని రాయలేదు, నా పేరు రాశాను. తర్వాత ఆఫీసులో అది చదివి బాసు పావుగంట అరిచాడు. ఆ నెల నుంచి నంబర్ల పట్టిక ఏదైనా ఇద్దరు చూశాకే బయటికి వెళ్ళాలని నియమం పెట్టాడు. సేటు మాత్రం, "వరస కదుల్తుందా లేదా?" అని ఒక్క మాటే అడిగాడట.

రైలు ఇంకా మహబూబ్‌నగర్ చేరకముందే ఫోన్ మోగింది. బాలకిష్టయ్య గారు.

"మేడం, పొద్దున ఏడింటికే వచ్చిన. నా కంప్యూటరు నేనే ముందుగాల చాలు చేసిన. కావాల్నని. జంగయ్య ఎనిమిదిన్నరకు వచ్చిండు."

"ఏమైంది సార్?"

"ఏం గాలే. పొద్దుటి సంది నడుస్తనే ఉంది. చాయ్‌కు గూడ పోలే. నేను లోపల్నే ఉన్న మేడం!"

వెనక ఎవరో బస్తాలు లెక్కపెడుతున్న కేక వినబడింది. ఆయనకు ఇంకేదో చెప్పాలని ఉంది కానీ సిగ్నలు తెగిపోయింది. మూడు రోజుల్లో మూడు బస్సులు, ఒక రైలు, మూడు ఊళ్ళు తిరిగి నేను చూసిన చెడిపోయిన తీగ ఒక్కటీ లేదు. ఆ ఊళ్ళకు ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళు టెస్టరు తప్పక తీసుకెళ్ళండి. అయితే ముందు గుమ్మం బయట ఎవరు కూర్చున్నారో, ఎందుకు కూర్చున్నారో అడగండి.