చేపలకు తలంటు

ఆపద ఎదురైనప్పుడు కొందరి ముఖం ఎందుకు వెలుగుతుంది? ఈ ప్రశ్న చాలా ఏళ్లుగా నా వెంట తిరుగుతోంది. దీనికి జవాబు చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి, మా మేనత్త, మొన్న ఆదివారం పోయింది. పొద్దున చాయ్‌కి పిలిస్తే లేవలేదని ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే వెళ్లిపోయిందట. ఎవరినీ లేపకుండా, ఏ హడావుడీ లేకుండా. అత్తకు బొత్తిగా నప్పని పద్ధతి.

సంతోష్‌నగర్‌లో వాళ్ల గల్లీలో ఎవరింట్లో కరెంటు తీగ చిటపటలాడినా, గ్యాస్ వాసన వచ్చినా అందరికంటే ముందు ఆమె అక్కడుండేది. కొంగు నడుముకు దోపిందంటే ఇక ఆగేది కాదు. “కూసొని ఫికర్ చేసుడు నాతోని కాదు బిడ్డా, ఉరుక్కుంట చేస్త” అనేది. నేనేమో కూర్చుని దిగులుపడే రకం. గ్యాస్ వాసన వస్తే, నిజంగానే వస్తోందా అని ఇంకోసారి పీల్చి చూస్తాను.

ఆమె తలపుకొచ్చినప్పుడల్లా నాకు ఒక బోనాల పండగ ముందురోజు గుర్తొస్తుంది. ఆ ఇంట్లో కొత్త కోడలికి అది మొదటి బోనాలు. కార్వాన్‌లోని పుట్టింటి నుంచి ఆ అమ్మాయి తెచ్చుకున్న సామానులో బీరువా కంటే ముందు దిగింది ఒక గాజుతొట్టి. అందులో గోల్డ్‌ఫిష్‌లు. వాటిలో నారింజ రంగు పెద్దదాన్ని కాలేజీ రోజుల నుంచీ పెంచుకుంటోందట. అత్తాకోడళ్లు ఇంకా ఒకరినొకరు మర్యాదగా పలకరించుకుంటున్న రోజులవి. అంటే ఇంకా దగ్గర కాలేదన్నమాట.

గుడిమల్కాపూర్‌లో బంతిపూలు కొని, గంప పట్టుకుని నేను వెళ్లేసరికి ఇల్లంతా కడిగిన వాసన. అత్త మహా సంబరంగా ఉంది.

“సూడు బిడ్డా, ఇల్లు కడిగిన, సంపు కడిగిన, డ్రమ్ములు కడిగిన. పండగపూట అందరం తలంటు పోసుకుంటం గద, పాపం చేపలేం పాపం చేసినయి? తొట్ల పాత నీళ్లన్ని పారబోసి కొత్తనీళ్లు నింపిన. కోడలొచ్చి సూస్తే మస్తు ఖుషీ అయితది!”

తొట్టి నిజంగానే అద్దంలా మెరుస్తోంది. చేపలు మాత్రం అన్నీ పైకొచ్చి, నీటి అంచున నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. పెద్దది ఒక పక్కకు ఒరిగిపోయి, గాజుకు గుద్దుకుంటోంది.

“అత్తా, సంపులో ఏమన్నా వేశావా?”

“బ్లీచింగ్ పౌడర్. ఎయ్యకుంటే సాఫ్ ఎట్లయితది?” అంటూనే ఆగిపోయింది. తొట్టి వైపు చూసింది. “అయ్యో! గా నీళ్లేనానే నేను పోసింది!”

కోడలు ఆఫీసులో ఉంది. సాయంత్రానికి వస్తుంది. ముందు ఏదైనా చేసి చూద్దామని, అమ్మాయికి మెల్లగా చెబుదామని నేను అంటున్నాను. అప్పటికే అత్త చేతిలో ఫోన్ మోగుతోంది.

“బిడ్డా, నీ చేపలను నేను సంపుతున్న. బ్లీచింగ్ నీళ్లు పోసిన. ఏం చెయ్యాల్నో జల్ది చెప్పు!”

ఫోన్ స్పీకర్లో ఉంది కాబట్టి జవాబు నాకూ వినిపించింది. కోడలి సన్నటి గొంతు: “అత్తమ్మా, మొదలు గాలి పంపు ఆపకుండ్రి. స్టాండు కింద చిన్న సీసా ఉంటది, క్లోరిన్ పోయే మందు...”

“పాత మందు సీసాలన్ని పొద్దుగాలే చెత్తబండిల ఏసిన!”

“డ్రమ్ముల నిలవ నీళ్లు...”

“అవి కూడ పారబోసిన. పండగ గద!”

“అయితే ఎవరింట్లనన్న మూత లేకుంట రెండు దినాలు నిలవున్న నీళ్లు అడుగుండ్రి. వేరే టబ్బుల పోసి, గాలి పైపు అండ్ల పెట్టి, జాలితోని చేపలను మార్చుండ్రి. అత్తమ్మా, ఏడ్వకుండ్రి.”

“ఏడుస్తలేను, ఉరుకుతున్న!”

నిజంగానే ఉరికింది. వెనక బకెట్లతో నేను. పండగ ముందురోజు గల్లీలో ప్రతి ఇంట్లోనూ డ్రమ్ములు తోమి బోర్లించి ఉన్నాయి. అప్పుడే వచ్చిన నల్లా నీళ్లు ఎన్ని కావాలంటే అన్ని ఇస్తామంటున్నారు. “తాజా నీళ్లొద్దు, నిలవ నీళ్లు కావాలె!” అని అత్త అరుస్తుంటే జనం నవ్వుతున్నారు. ఒకామె “పండగపూట పాచి నీళ్లేంది అక్కా, పానం మంచిగున్నదా?” అని అడిగింది.

చివరి మేడ మీది నుంచి ఒక ముసలామె తొంగిచూసింది. గల్లీలో అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలుస్తారు.

“పానీ తో హై. లేకిన్ పురానా హై అమ్మా, పాతది, మొక్కలకు పోసేది.”

“పురానాచ్ కావాలె ఖాలా! నీ కడుపు సల్లగుండ!”

మెట్లు ఎక్కుతూ దిగుతూ బకెట్లు మోశాం. ఖాలా పై నుంచి “జల్దీ, జల్దీ!” అని కేకలు వేస్తూనే ఉంది. అత్త ముఖం చెమటతో, భయంతో వెలిగిపోతోంది. నవ్వడం లేదు గానీ నవ్వుకు చాలా దగ్గరలో ఉంది. నా గుండె కూడా అంత గట్టిగా కొట్టుకోవడం నాకు వింతగా అనిపించింది. టబ్బు నిండింది. గాలి పైపు పెట్టాం. అత్త చిన్న వల లాంటి ఆ జాలి పట్టుకుంది. అంత ఉరుకుల మనిషి, పెద్దచేపను తీసేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టి, నిద్రపోతున్న పసిపిల్లను ఊయల్లోంచి తీసినట్టు తీసింది. నీళ్లలోకి వదిలి, “ఊపిరి తీస్కో తల్లీ, మీ అమ్మ వస్తున్నది” అంది.

చిన్నవి రెండు దక్కలేదు. అత్త వాటిని దాచలేదు, స్టీలు గిన్నెలో పెట్టి గుమ్మం పక్కనే ఉంచింది.

కోడలు పర్మిషన్ పెట్టి ముందే వచ్చేసింది. తడి నేల, తిరగబడిన నా పూలగంప, హాలు మధ్యలో టబ్బు, గిన్నె. అన్నీ వరసగా చూసింది. అత్త చేతులు కట్టుకుని నిలబడింది. “నేనే చేసిన బిడ్డా. పండగ గద, నీకు మంచిగనిపిస్తదని చేపలకు కూడ తలంటు పోసిన.”

ఆ అమ్మాయి గిన్నె ముందు చాలాసేపు కూర్చుంది. కళ్లు తుడుచుకుంది. తర్వాత తలెత్తింది. “తలంటు పోసిన్రా అత్తమ్మా? కుంకుడుకాయ రసం కూడ పోసిన్రా ఏంది?”

“లేదు బిడ్డా, అమ్మవారి మీద ఒట్టు!”

అత్త అంత గాబరాగా ఒట్టు పెట్టేసరికి కోడలికి నవ్వాగలేదు. ఏడుపు మధ్యలోనే నవ్వింది. ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకోవడం నేను ఆ తర్వాత మళ్లీ వినలేదు. పొద్దున లేస్తే కీచులాటలే, పకపకలే.

ఆ సాయంత్రం నేను వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాను. బంతిరేకులు అంటిన తడి నేల మీద అత్తాకోడళ్లు భుజాలు ఆనించుకుని కూర్చున్నారు. టబ్బు అడుగున నారింజ చేప నిటారుగా నిలబడి మెల్లగా మొప్పలాడిస్తోంది. అది నోరు తెరిచినప్పుడల్లా వీళ్లిద్దరి నోళ్లూ తెలియకుండానే తెరుచుకుంటున్నాయి.

తన తప్పు చెప్పేస్తూ అత్త ఆ రోజు కోడలికి ఫోన్ ధైర్యంతోనే చేసిందా, అంత పెద్ద లొల్లిలో కోడలు పక్కన లేకపోవడం తట్టుకోలేక చేసిందా? నాకు ఇప్పటికీ తేలలేదు.