బయట చేరడమనే సెలవు

మా మనవరాలు బెంగళూరు నుంచి వచ్చి వారం కావస్తోంది, వచ్చిన దగ్గర్నుంచీ పగలూ రాత్రీ తేడా లేకుండా పడుకుంటూనే ఉంది. అడిగితే, కొన్నాళ్ళు ఏ పనీ పెట్టుకోకుండా విశ్రాంతి తీసుకోమని డాక్టరమ్మ చెప్పిందంటుంది. జ్వరం లేదు, దగ్గు లేదు, ఒట్టి అలసటేనట. నా వయసు ఆడవాళ్ళెవరికైనా ఈ మాట చెప్పి చూడండి, ఉద్యోగం గానీ ఊడిందా, ఎవరితోనైనా పోట్లాడి వచ్చిందా అని నాలాగే కళ్ళు చిట్లిస్తారు. మధ్యాహ్నం ఊరికే ఏదో వెతుకుతున్నట్టు వెళ్ళి గదిలోకి తొంగి చూసి వచ్చాను కూడా. ఈ అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు లెండి, తిరుపతిలో కాపురం పెట్టిన తొలి ఏళ్ళలో పట్టుకుని ఇప్పటిదాకా వదల్లేదు.

అది డెబ్బైల చివరి మాట. గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో మా అత్తవారిల్లు. మామగారూ మా ఆయనా గుడి కైంకర్యంలో ఉన్నవాళ్ళు కావడంతో ఇంట్లో నిప్పులు కడిగే ఆచారం. నేను పెళ్ళికి ముందే ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను, ఆ ఉద్యోగం మానిపించబోమని మా నాయనకు మాట ఇచ్చి మరీ నన్ను చేసుకున్నారు. అయితే ఇంటిపనిలో పిసరంత లోటు వచ్చినా ఆ మాట నీళ్ళమీద రాతేనని ఎవరూ పైకి అనకపోయినా నాకు తెలుసు. తెల్లవారకముందే తలస్నానం చేసి, తడి చీరతో బావిలో నీళ్ళు తోడి, స్వామికి నైవేద్యం వండి, అందరి భోజనాలకూ అమర్చి, పరుగున ఆఫీసుకు వెళ్ళి, సాయంత్రం వచ్చి మళ్ళీ అదే పొయ్యి ముందు కూర్చునేదాన్ని.

మొదట్లో బాగానే ఉండేది. పోనుపోను నాకేదో అవుతోందని తెలుస్తూనే ఉంది గానీ ఏమిటో తెలియలేదు. ఒకనాడు రోటి ముందు కూర్చుని, పచ్చడిలో ఉప్పు వేశానో లేదో గుర్తు రాక వెక్కి వెక్కి ఏడ్చాను, ఉప్పు కోసం ఏడ్చే మనిషిని కాదు నేను. ఆఫీసులో ఒకే వాక్యాన్ని ఒకదాని కింద ఒకటి టైపు చేసుకుంటూ పోయి, కాగితం అయిపోయాక గానీ గమనించలేదు. చెయ్యి విరిగితే పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకోవచ్చు, జ్వరమొస్తే కషాయం తాగి ముసుగు పెట్టవచ్చు. పైకి అంతా బాగానే ఉండి లోపల మనిషి అయిపోతే దానికి మాకు పేరు కూడా తెలియదు. ఓపిక లేదని నోరు తెరిచి చెప్పానా, ముందు మానిపించేది ఉద్యోగాన్నే గాని వంటను కాదు.

మా ఇంట్లో ఆడవాళ్ళు నెలకు మూడు రోజులు బయట చేరేవాళ్ళు. పెరట్లో చిన్న వసారా, ఒక చాప, ఒక చెంబు, దూరం నుంచి జరిపే కంచం, అంతే. కొత్తలో కాకులతో, కుక్కతో సమానంగా అక్కడ కూర్చోవాలంటే నాకు ఒళ్ళు మండిపోయేది. పైగా ఆఫీసుకు మాత్రం పోవచ్చు, జీతానికి మైల అంటదని మా మామగారు ముందే తేల్చేశారు! కానీ ఆ ఏడాది మాత్రం ఆ వసారాలో గోడకు ఆనుకుని ఏడుకొండలవైపు చూస్తూ కూర్చుంటే, ఎవరూ నన్ను పిలవరు, నేను ముట్టుకోవలసింది ఏదీ లేదు అన్న ఆలోచనకే ప్రాణం లేచి వచ్చేది. అందుకే ఒక నెల, వేళ కాకముందే, బయట చేరానని చెప్పేశాను. మైలను దాచితే తప్పు గానీ, లేని మైలను ఉందంటే ఏ దేవుడికి నష్టం? దానికి నేనిప్పటికీ చెంపలు వేసుకోను.

ఒకసారి రుచి మరిగాక ఊరుకుంటామా? మళ్ళీ చెప్పాను, ఆ తర్వాత మళ్ళీ. అప్పటినుంచి మా అత్తగారి చూపు మారింది. ఆవిడకు క్యాలెండరు అక్కరలేదు, ఏ ఏకాదశికి ఎవరు బయట ఉన్నారో నోటికి చెప్పగలిగిన మనిషి. నేను దండెం మీద ఏ గుడ్డలు ఆరేశానో చూస్తున్నట్టుగా ఆవిడ పెరట్లోకి ఊరికే వచ్చి వెళ్ళేది. ఆవిడ వస్తుందని నేను శుభ్రమైన గుడ్డలనే మళ్ళీ తడిపి ఆరేసేదాన్ని. దొంగకూ పోలీసుకూ ఒకే వంటిల్లయితే ఎలా ఉంటుందో మా ఇద్దరికీ తెలుసు.

కొండమీది స్వామికి శనివారాలు చేసే పెరటాసి నెల వచ్చింది. శనివారం కొండకు పోవాలని ఐరాల నుంచి చుట్టాలు దిగారు, ఇల్లంతా కిటకిట. పొద్దున్నే బావి దగ్గర నిండిన బిందె ముందు నిలబడ్డాను, వంగడానికి ఒళ్ళు ఒప్పుకోలేదు. ఇంత పని పెట్టుకుని ఇవాళ అబద్ధమాడే ధైర్యం కూడా లేదు. అంతలో వంటింట్లోంచి మా అత్తగారి గొంతు వీధికి వినబడేలా లేచింది.

"కోడలు బయట చేరింది. ఎవురూ దాని దగ్గిరికి పోబాకండి. ఆఫీసుకు కూడా రాదని నా కొడుకుతో చెప్పి పంపించినా."

నేను నోరే తెరవలేదే! నన్ను పట్టుకోవడానికే ఈ ఎత్తు వేసిందనుకున్నాను. చుట్టాలందరి ముందూ బయటపెట్టి, ఆ వంకతో ఉద్యోగం మానిపించేస్తుందని అనుకుంటూనే పోయి వసారాలో కూర్చున్నాను. కంచంలో వేడి చారు, అప్పడం, నెయ్యి కాస్త ఎక్కువగానే వచ్చేసరికి అనుమానం ఇంకా పెరిగింది, బలిచ్చే మేకకే కదా మేత ఎక్కువ వేస్తారు. లోపల అంతమందికీ ఆవిడ ఒక్కతే వండి వడ్డిస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

చుట్టాలు తిని నడుం వాల్చాక ఆవిడ వచ్చింది. దూరంగా నిలబడుతుందనుకున్నాను. నేరుగా వచ్చి నా చాప మీదే కూర్చుని, మడి చీరతోనే నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆ చేత్తోనే ఆవిడ నా అబద్ధాలన్నీ తనకు తెలుసని చెప్పేసింది.

"బయపడబాక, పండుకో. మొగం సూస్తే తెలీదా? నేనూ ఇట్టనే ఆడినా అబద్ధాలు, మా అత్త కనిపెట్టలా." తర్వాత నన్ను కాక కొండను చూస్తూ అంది. "నాకు నిలిచిపోయి శానా ఏండ్లాయె. అప్పట్నించీ ఈ ఇంట్లో నేను ఒక్క పూట కూసున్నది ల్యా."

తర్వాత లేచి, స్నానం చేయకుండానే తిన్నగా వంటింట్లోకి పోయింది. ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు నా మొహం చూసి, నా బదులు తనే ఆ అబద్ధం చెప్పింది. నా ఉద్యోగం నిలిచింది, నేను నిలిచాను.

ఆ ఇల్లు పడగొట్టి పైన అంతస్తులు లేపారు, వసారా పోయింది, ఆ ఆచారమూ పోయింది, పోవలసిందే. ఇప్పటి ఆడపిల్లలు అలసిపోయామని ఉన్నమాట చెప్పి సెలవు తీసుకుంటున్నారు. మా కాలంలో ఆ మాట చెల్లేది కాదు, మేము మైల పేరు చెప్పుకుని పడుకున్నాం. నాకు ఆ అబద్ధమైనా ఉండేది. మా అత్తగారికి ఆ అబద్ధమాడే వయసు కూడా దాటిపోయింది, ఆవిడ కూర్చోవడం నేను చూసింది ఆనాడు నా చాప మీద, ఆ కాసేపే.