ఒక్కపొద్దు వంటకు అరువు నాలుక

మార్చి 7, శనివారం. అనంతపురం స్టేషన్‌కు రైలు చెప్పిన సమయానికే వచ్చింది. ఈ రోజు మొదటి ఆశ్చర్యం అదే. ఎలాగూ ఆలస్యంగా వస్తుందన్న ధీమాతో నేను స్టేషన్ బయట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటూ నిలబడ్డాను. కూత వినబడగానే మిగిలిన బజ్జీని మొత్తంగా నోట్లో కుక్కుకుని పరుగెత్తాను. ఆ మంట మధ్యాహ్నం దాకా నాతో ప్రయాణం చేస్తుందని అప్పటికి తెలియదు.

ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలి. రేపటి నుంచి మా కళాశాలలో సుస్థిర పర్యాటకం మీద అంతర్జాతీయ వర్క్‌షాప్. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు నోరు తిరగలేదు. చూడవచ్చినవాడి వల్ల ఊరి నీళ్ళూ నేలా బతుకూ చెడకూడదని దాని అర్థమని తెలిశాక ఇష్టం పుట్టింది. కొందరు పరదేశాల నుంచి, కొందరు మన రాష్ట్రాల నుంచి, నలభై మంది దాకా వస్తున్నారు. మొదటి రోజే గుత్తి కోట చూడటం, కోట కింద ఊళ్ళో మధ్యాహ్న భోజనం. రుసుము కట్టలేనన్నందుకు మా మేడం నాకు రెండు పనులు అప్పగించి చోటిచ్చారు. బస్సులో అతిథులకు ఈ కరువు సీమ గురించి పది నిమిషాలు చెప్పాలి, భోజనం ఏర్పాటు చూడాలి. మొదటి పనికోసం నెలరోజులుగా మాటలు ఏరుకుంటున్నాను. రెండోది సులువనుకున్నాను.

వంటకు గుత్తిలో ఉండే మాబుబీ పేరు చెప్పింది నేనే. హాస్టల్ స్నేహితురాలి అక్క పెళ్ళిలో ఆమె చేతి ఉలవచారు తిన్నాను. ఇన్నేళ్ళూ పెద్ద వంటవాళ్ళ కింద పనిచేసిన మనిషి. సొంత పేరు మీద ఇంతమందికి వండటం జరిగితే ఇదే మొదటిసారి. "జరిగితే" అనడానికి కారణం ఉంది. ఈ మధ్యాహ్నం మేడం స్వయంగా వచ్చి తిని చూస్తారు. నచ్చితే వంట మాబుబీది. నచ్చకపోతే అనంతపురం హోటల్ నుంచి ప్లాస్టిక్ డబ్బాల్లో భోజనం వస్తుంది.

రైలులో గంట పైచిలుకు ప్రయాణం. బస్సులు ఎక్కువే కానీ రైలు చవక. అయితే గుత్తి జంక్షన్ ఊరికి దూరంగా ఉంటుంది, దిగాక షేర్ ఆటో తప్పదు. నాకు ఇరవై రూపాయలు పడింది.

"యాడికి పాపా, కోటకా?" అన్నాడు ఆటో అన్న.

"ఈ రోజు కోట కిందికే అన్నా. రేపు నలభై మందితో వస్తాం, పైకెక్కుతాం."

"ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నరకి."

"ఏమప్పా, వాళ్ళ మీద నీకేమన్నా పగుండాదా? తొమ్మిదిన్నరకి దిగాల గానీ ఎక్కేదేంది! రాళ్ళు కాలి దోసె పెనం అయిపోతాయి."

నవ్వుతూనే మేడంకు ఫోన్ చేశాను. బస్సు ఎనిమిదికి కాకుండా ఆరున్నరకే బయలుదేరేలా మార్చుకున్నాం.

మాబుబీ ఇంటి ముందు రేకుల పందిరి కింద రెండు పొయ్యిలు వెలుగుతున్నాయి. కొర్రన్నం, రాగి సంగటి, ఉలవచారు, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి, మజ్జిగ. అన్నీ ఈ నేల పంటలే. నన్ను చూడగానే ఆమె గరిటె నా చేతిలో పెట్టింది.

"రుచి సూసేది నువ్వే పాపా. నేను ఒక్కపొద్దు ఉండాను."

రంజాన్ నెల. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఉపవాసం ఉన్న మనిషి తన వంటను తానే రుచి చూడలేదన్న చిన్న విషయం ఎందుకో తట్టలేదు.

"నాలిక మీద పెట్టి ఉమ్మేస్తే తప్పు లేదంటారు కొందరు. నాకు మనసొప్పదు. మా ఇంట్లో అందరూ ఒక్కపొద్దే. రోజూ పక్కింటి లచ్చుమక్క సూసి చెప్తాది. ఆమె కూతురి కాన్పని నిన్న కళ్యాణదుర్గం పోయింది."

"ఇంత ఎండలో, మంచినీళ్ళు కూడా తాగకుండా, మా కోసం ఎందుకక్కా?"

"దేవుడు తినొద్దనె గానీ, పెట్టొద్దనలేదు కదప్పా. నాలిక సాపు, ఊరిబిండి సూడు."

చూశాను. "బాగుంది అక్కా."

"బాగుంది అంటే నేనేం జేసుకోవాల? పెండ్లిలో అందరూ బాగుందనే అంటారు, ఆకులో సగం ఇడిసిపెట్టి పోతారు. ఉప్పు సాలిందా? కారం ముందు తగిలిందా, మింగినాక తగిలిందా?"

మా ఊరు కుందుర్పిలో నాయన రుచి గురించి ఏనాడూ మాట్లాడడు. రెండో ముద్ద సంగటి అడిగితే బాగున్నట్టు, లేస్తే లేదన్నట్టు. బస్సులో చెప్పడానికి నెల రోజులు ఏరుకున్న మాటల్లో ఒక్కటీ ఇక్కడికి పనికిరాలేదు. పైగా నోరంతా పొద్దుటి బజ్జీ మంట. ఆ సంగతి చెప్పేసరికి మాబుబీ నడుం పట్టుకుని నవ్వింది. "బజ్జీ తిన్న నాలికతో నా వంట తూకం ఏస్తాండావా!" అని మజ్జిగ ఇచ్చి పుక్కిలించమంది, తర్వాత చిన్న బెల్లం ముక్క ఇచ్చింది.

మళ్ళీ మొదలుపెట్టాం. "ముందు చెనక్కాయ తియ్యగా ఉంది. తర్వాత పులుపు. కారం గొంతులో దిగాక వస్తోంది" అన్నాను. "ఇప్పుడు దారికొచ్చినావు" అని ఆమె ఇంకా వేయబోయిన నాలుగు ఎండుమిరపకాయలను పక్కన పెట్టేసింది. నేను చెప్పిన మాట ఆమె చేతిలో ఉప్పుగా, చింతపండుగా మారుతూ వచ్చింది. మాటకు ఇంత బరువు ఉంటుందని పుస్తకాల్లో చదివాను గానీ మోసింది ఇప్పుడే.

ఒంటిగంట దాటింది. ఉలవచారు దించేముందు గరిటె అందించింది. ఆమె పెదవులు ఎండిపోయాయి. చూశాను. ఉప్పు ఎక్కువైంది. మేడం కారు బయలుదేరి చాలాసేపయింది. "సరిపోయింది" అంటే ఆమె ఇంటి గోడకు ఆనుకుని కాసేపు కూర్చుంటుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"ఉప్పు జాస్తి అయింది అక్కా."

ఆమె పక్కన ఉంచిన ఉలవల కట్టు ఇంకో చెంబు పోసి, పొయ్యి కింద కట్టె ముందుకు తోసింది.

మేడం రెండింటికి వచ్చారు. వడ్డించింది నేను. మాబుబీ పందిరి గుంజ పక్కన నిలబడింది. మేడం మెల్లగా తిన్నారు, మధ్యలో నీళ్ళ ఏర్పాటు, ఆకుల ఏర్పాటు అడిగారు. చివరికి "బాగుందమ్మా" అన్నారు. మేమిద్దరం ఆమె ముఖం చూడలేదు, విస్తరి చూశాం. మెతుకు లేదు. "రేపటికి సరుకులు తెప్పించుకోండి" అని ఆమె లేస్తుంటే, మాబుబీ కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సరుకుల కోసం ఆమెకు తోడుగా బజారు తిరిగి, సాయంత్రం దాకా ఉండిపోయాను. మసీదు నుంచి పిలుపు వినబడగానే ఖర్జూరం, నీళ్ళు. నాకూ ఒక ఖర్జూరం. ఆ తర్వాత ఆమె పొద్దున్నుంచీ వండిన ఉలవచారును మొదటిసారి నోట్లో పెట్టుకుంది.

"బాగుండాది."

"బాగుండాది అంటే నేనేం జేసుకోవాల అక్కా?" అన్నాను.

ఇల్లంతా నవ్వింది. "ఉప్పు రవ్వంత తక్కువ. నీ నాలికకు భయం జాస్తి పాపా. రేపు లచ్చుమక్క లేదు. ఏం చేస్తాం?"

తిరుగు బస్సులో కూర్చుని ఇది రాస్తున్నాను. అతిథులకు ఏమేం కావాలో నెల రోజులుగా ఆలోచిస్తున్నాం. పడక, నీళ్ళు, బస్సు, భోజనం. పెట్టే మనిషికి మా నుంచి ఏం కావాలో ఈ రోజు దాకా అడగలేదు. ఆమెకు కావలసింది మెప్పు కాదు, ఒక నాలుక, దాని మీద ఒక నిజం. రేపు ఆ నాలుక నాదే కాబట్టి, బస్సులో చెప్పాల్సిన పది నిమిషాలను ఇందాకే ఫోన్‌లో స్నేహితురాలికి అప్పగించాను. కాస్త దిగులుగానే ఉంది. మాటలు మాత్రం వృథా పోలేదు, వంటింటికి బదిలీ అయ్యాయి.

మీరూ రంజాన్ నెలలో ఇటువైపు బృందంగా వస్తే, భోజనం ముందురోజే చెప్పి, మీలో ఒకరిని వంట దగ్గరికి ఒక గంట ముందే పంపండి. రుచి చూసి చెప్పడానికి.

రేపు ఉదయం అతిథుల బస్సు కంటే ముందే, గుత్తికి మొదటి బస్సు ఎక్కుతాను. డబ్బాలో పెరుగన్నం పెట్టుకుంటాను. స్టేషన్ వైపు, ఆ బజ్జీల బండి వైపు చూడను కూడా చూడను.