పసుపు కొమ్ము వాత

నలభై ఏళ్లుగా ఈ మాట గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీకు చెబుతున్నాను. చదివాక నన్ను అసహ్యించుకున్నా సరే.

ఎనభైల మొదట్లో మేము అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో ఉండేవాళ్లం. బాబును చూసుకోవడానికి గుంటూరు నుంచి మరియమ్మను ఆయాగా తెచ్చుకున్నాం. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. బాబు నన్ను కాదని ఆమె భుజం మీదే నిద్రపోయేవాడు. అది చూస్తే నాకు కుళ్లుగా ఉండేది. ఇప్పుడు దాచి ఏం లాభం?

ఆరో నెలలో బాబుకి పొట్ట ఉబ్బింది, ఏడుపు ఆగలేదు. మా ఆయన ఆఫీసు పని మీద వేరే ఊరెళ్లారు. మా వైపు ఇలాంటప్పుడు పసుపు కొమ్ము కాల్చి పొట్ట మీద వాత పెడతారు. చిన్నప్పుడు నాకూ పెట్టారు. నేను పెట్టమన్నాను, మరియమ్మ పెట్టింది.

మర్నాటికి అది పుండైంది. జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళితే వాళ్లు పోలీసును పిలిచారు. బిడ్డను నా దగ్గర నుంచి తీసేసుకుంటారని భయం వేసింది. ఎవరు కాల్చారని పోలీసు నా ద్వారా మరియమ్మను అడిగాడు. ఆమె నా వైపు తిరిగింది.

"అమ్మగారూ, నేను వొద్దన్నాననీ, డాక్టరు కాడికెళ్దామన్నాననీ ఆయనకి చెప్పండమ్మా. నాకా మాటలు రావు గదా."

"చెప్తాలే," అన్నాను.

తానే చేశానని ఒప్పుకుంటోందని పోలీసుకి ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నా మీద నమ్మకంతో తలూపింది. అతను రాసుకున్నాడు.

కోర్టుకి ఎవరో తెలుగాయన వచ్చి ఆమె మాటలు ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె జరిగినదంతా చెప్పింది. ఎవరు నమ్ముతారు? మొదట ఒప్పుకున్నదే నిలిచింది. ఆమె రోజూ కళ్లకద్దుకునే బైబిలు మీదే చెయ్యి పెట్టి నేను అబద్ధం చెప్పాను. ఆమెను రెండేళ్లు జైల్లో ఉంచి, బేడీలతో విమానం ఎక్కించి పంపేశారు. పసిబిడ్డను కాల్చిన మనిషని ఊళ్లో ఎవరూ పనిలో పెట్టుకోలేదట. కొన్నాళ్లకే పోయిందని చుట్టాల ద్వారా తెలిసింది. క్షమించమని ఇక ఎవరిని అడగను?

బిడ్డ కోసమే కదా చేశాను అని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో. మరియమ్మకూ ఒక కూతురుంది. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

ఇంకొకటి. పైన మరియమ్మ వాత పెట్టిందని రాశాను. చూశారా, అలవాటు ఇప్పటికీ పోలేదు. ఆమె బాబును గుండెకు అదుముకుని ఇవ్వనంది. నేనే లాక్కున్నాను. కాలిన కొమ్ము నా చేతిలోనే ఉంది. వాత నేనే పెట్టాను.