ఇంటికొక మనిషి, జట్టుకొక హీలర్

మా ఇంట్లో ఒకే కంప్యూటర్ ఉండేది. అన్న ఇంజనీరింగ్ చదివేటప్పుడు కొన్నది. చదువైపోయి, ఉద్యోగం రాక, వాడూ అదీ కలిసి ప్రొద్దుటూరులో మా బాడుగింటికి తిరిగొచ్చారు. నేను డిగ్రీ ముగించి అప్పటికే ఇంట్లో ఉన్నాను. పనిలేనివాళ్లు ఇద్దరు, కంప్యూటర్ ఒకటి. మధ్యలో మా అమ్మ గతి ఏమై ఉంటుందో మీరే ఊహించుకోండి.

మేము ఆడింది ఇంటర్నెట్ మీద వేలమంది కలిసి ఆడే ఆట. ఒక బొమ్మను పెంచుకుంటూ ఒక్కరమే తిరగొచ్చు. కానీ ఆటలోని పెద్ద రాక్షసులు పడాలంటే ఇరవై ఐదుమంది ఒకేసారి, ఒకే మాట మీద దాడి చెయ్యాలి. ఆ దాడిని రెయిడ్ అంటారు, అలా కలిసి వెళ్లే జట్టును గిల్డ్ అంటారు. మా అన్నది హీలర్ బొమ్మ. అంటే మిగతావాళ్లు దెబ్బలు తింటుంటే వెనక నిలబడి వాళ్ల ప్రాణాలు కాపాడే పని. హీలర్లకు ఎప్పుడూ గిరాకీ. అందుకే ఒకే వారంలో రెండు గిల్డులు వాణ్ని పిలిచాయి.

మొదటిది తీరికగా ఆడేవాళ్ల గిల్డ్. వస్తే రావచ్చు, రాకుంటే అడిగేవాళ్లు లేరు. అందులో ఒక బ్యాంకు ఉద్యోగి, పసిబిడ్డను ఒళ్లో వేసుకుని ఆడే ఒకావిడ, ఇంకా అలాంటివాళ్లు. రాక్షసుడు చావకపోతే నవ్వుకుని ఇంకోరోజు చూద్దామని వెళ్లిపోయేవాళ్లు. రెండోది పట్టుదలవాళ్ల గిల్డ్. మంగళ, గురు, శనివారాలు సాయంత్రం ఆరున్నరకల్లా అందరూ లోపల ఉండాలి. హాజరు వేస్తారు. ఆ రోజు కొట్టబోయే రాక్షసుడి గురించి ముందే చదువుకుని రావాలి. తప్పు చేస్తే అందరి ముందూ చీవాట్లు. దాని లీడర్‌ది వైజాగ్, ఉద్యోగం బెంగళూరులో. మా అన్న హెడ్‌ఫోన్‌లో 'శానా' అన్నప్పుడల్లా అవతల ఎవరో ఒకరు కిసుక్కున నవ్వేవారు. వాడు పట్టించుకునేవాడు కాదు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఏ గిల్డ్‌లో చేరాలో అన్న వారంరోజులు తేల్చుకోలేకపోయాడు. విచిత్రమేమిటంటే, కంప్యూటర్ దగ్గరికి కూడా రాని మా నాన్న దీంట్లో తలదూర్చాడు. రాకపోతే ఏం చేస్తారని అడిగాడు. చెప్పకుండా రెండుసార్లు మానేస్తే తీసేస్తారని అన్న చెప్పాడు. నాన్న తల ఊపి, అయితే అదే సరైన జట్టు, ఇంకోటి వట్టి సంత అని తేల్చేశాడు. ఆయన అంత ఇదిగా చెప్పడానికి కారణం ఉంది. అలాంటి జట్టులో ఆయన ముప్పై ఏళ్లుగా ఉన్నాడు.

మాది జమ్మలమడుగు వైపు పల్లె. ఎప్పుడో ఒక పొలంగట్టు తగాదాలో మా తాత ఊరి పెద్దాయన పక్కన నిలబడ్డాడు. ఆ రోజు నుంచి పెద్దాయన కబురు పంపితే మా ఇంటి నుంచి ఒక మనిషి వెళ్లాలి. తాతకు జ్వరమైతే నాన్న, నాన్నకు పరీక్షలుంటే చిన్నాన్న. ఎవరు వెళ్లారన్నది లెక్కలోకి రాదు, ఇల్లు వచ్చిందా లేదా అన్నదే లెక్క. ఒకసారి ఇల్లు రాలేదంటే అవతలి వర్గంలోకి పోయిందని అర్థం, ఆ తర్వాత ఏమవుతుందో అందరికీ తెలుసు. నేను మూడో తరగతిలో ఉండగా మా వీధిలో బాంబులు పడ్డాయి. అప్పుడు ఊరు వదిలి ప్రొద్దుటూరు వచ్చాం. నాన్న బట్టల అంగడిలో పనికి చేరాడు. కానీ కబురు కూడా మా వెనకే బస్సెక్కి వచ్చింది. ఎన్నికలైనా, పెళ్లిళ్లైనా, కోర్టు వాయిదాలైనా నాన్న తెల్లచొక్కా వేసుకుని వెళ్లేవాడు. ఆయన తిరిగి గుమ్మంలో కనబడేదాకా అమ్మ నీళ్లు కూడా తాగేది కాదు.

అన్న పట్టుదల గిల్డ్‌లోనే చేరాడు. నేను నా సొంత బొమ్మతో, వాడు వదిలినప్పుడు, సంతలో చేరాను. నీకు హాజరు పట్టీ, నాకు అరుగు మీద కబుర్లు అని వాణ్ని ఏడిపించేదాన్ని. అయినా లోపల వాడంటే కాస్త అసూయగానే ఉండేది. రోజంతా ఎవరికీ అక్కర్లేని మనిషి, సాయంత్రం ఆరున్నరకు ఇరవై నలుగురు తన కోసం ఎదురుచూస్తుంటే ఎలా మారిపోయేవాడో! నడుము నిటారుగా పెట్టుకుని కూర్చునేవాడు.

ఆ ఏడాది ఎన్నికలొచ్చాయి. సరిగ్గా అప్పుడే నాన్న అంగడిలో నిచ్చెన మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తొడదాకా కట్టు. పెద్దాయన మనిషి ఒకతను మా ఇంటికి వచ్చి, మంచం పక్కన కూర్చుని, మంచిచెడ్డలు అడిగి, చివర్లో అసలు సంగతి చెప్పాడు. శనివారం పులివెందులలో మీటింగు ఉంది, జమ్మలమడుగు నుంచి పది జీపులు బయల్దేరుతున్నాయి. "మామ రాలేడు, కనపడతాండాది. పిల్లోడుండాడు గదా," అన్నాడు.

నాన్న గోడవైపు చూశాడు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆ ఒక్క ప్రయాణంతో పోయేదైతే మేము అంత భయపడేవాళ్లం కాదు. ఒకసారి జీపెక్కినవాడు ఇంటి మనిషిగా లెక్కకొస్తాడు. నాన్న చోటు అన్నకు వస్తుంది. తర్వాత వాడికి పుట్టేవాళ్లకు. మా అందరికీ అది తెలుసు. అయినా ఎవ్వరం కాదనలేకపోయాం. చివరికి అన్నే సరేనన్నాడు. వాడి గొంతులో భయంతో పాటు ఏదో సంబరం కూడా వినబడింది.

శనివారం అంటే రెయిడ్ కూడా. కొత్త రాక్షసుడు. మూడువారాలుగా చావనివాడు. వెళ్లేముందు అన్న తన పాస్‌వర్డ్ నాకిచ్చి, నా బదులు నువ్వు ఆడు, మైకు మాత్రం ఆన్ చెయ్యొద్దు అన్నాడు. ఇంట్లోంచి ఎవరో ఒకరు పోతే చాలు కదా! మా ఇద్దరికీ అందులో తప్పేమీ తోచలేదు. నాన్న బదులు వాడు, వాడి బదులు నేను. మేము పుట్టి పెరిగిన లెక్క అది.

ఆరున్నరకు కూర్చున్నాను. కీబోర్డు పక్కన సెల్‌ఫోను, నా వెనక కింద అమ్మ. పులివెందుల దగ్గరికి వచ్చామని అన్న అంతకుముందే ఒకసారి చేశాడు. తర్వాత ఫోను మోగలేదు. తెర మీద ఎవరి ప్రాణం తగ్గితే వాళ్లకు నింపుతూ, ప్రతి రెండు నిమిషాలకూ ఫోను వైపు చూస్తూ, ఆ రోజు నేను ఆడినట్టు జన్మలో మళ్లీ ఆడలేదు. చేతులు ఊరికే ఉంటే ఏడుస్తానని ఆడాను. నాలుగోసారికి రాక్షసుడు పడ్డాడు. హెడ్‌ఫోన్‌లో అందరూ అరుస్తున్నారు. హీలర్ ఒక్క ప్రాణం కూడా పోనివ్వలేదు, ఇవాళ నీకేమైంది, మాట్లాడు అని లీడర్ అడుగుతున్నాడు. నాకు పొగరెక్కింది. నేను అతని చెల్లెల్ని, అన్న వేరే పనిమీద పోవాల్సి వచ్చింది, జట్టుకు లోటు రాకూడదని నేను వచ్చాను అని టైపు చేశాను. మెచ్చుకుంటారనే అనుకున్నాను.

లీడర్ చాలా మర్యాదగా, "మేం తీసుకున్నది మీ అన్నయ్యని అండీ, మీ ఇంటిని కాదు," అన్నాడు. రాలేనని ఒక్క ముక్క చెప్పుంటే ఇంకొకరిని పెట్టుకునేవాళ్లం, బదులు మనిషిని పంపడం మోసం కిందికి వస్తుంది అన్నాడు. అన్నను అప్పటికప్పుడే తీసేశాడు. మీకు ఇష్టమైతే మీ పేరుతో మీరు చేరండి అని కూడా అన్నాడు. అవమానంతో నా చెవులు కాలిపోయాయి.

అన్న మర్నాడు పొద్దున వచ్చాడు. పులివెందులలో ఏమీ జరగలేదు. మూడో జీపులో, సీటు కింద కట్టెలు కాళ్లకు తగులుతుంటే, పోనూ రానూ కూర్చున్నాడట. దిగేటప్పుడు పెద్దాయన వీపు తట్టి, ఇక మీ నాయన్ను ఇబ్బంది పెట్టం, నువ్వే వస్తుండు అన్నాడట. అది చెప్పేటప్పుడు అన్న నవ్వడానికి ప్రయత్నించాడు. అమ్మ అక్కడే కూలబడింది. తర్వాత నేను గిల్డ్ సంగతి చెప్పాను. దానికి మాత్రం వాడు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. నోరు మూసుకుని ఆడమంటే ఆడలేవా అని.

మంచం మీద నాన్న మా ఇద్దర్నీ ఊరుకోమని, ఆ లీడర్ అన్న మాట మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. రాలేనని చెప్తే నిజంగా ఊరుకుంటారా అని అడిగాడు. ఊరుకుంటారన్నాను.

"అసలుకే మానుకుంటానంటే?"

"రెండు లైన్లు రాస్తే సాలు నాయనా."

"ఇంటిమీదికి ఎవురూ రారా?"

రారన్నాను. ఆ పూట ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

నాకిప్పుడు తేల్చుకోవాల్సిన పని పడింది. సంతలోని వాళ్లంటే నాకు ప్రాణం. పసిబిడ్డ తల్లి నన్ను సొంత చెల్లెల్లా చూసేది. అక్కడ నేను లేకపోయినా ఎవరికీ ఏమీ కాదు, అదే హాయి, అదే వెలితి. పట్టుదలవాళ్ల మీద కోపం ఇంకా చల్లారలేదు. కానీ నన్ను నన్నుగా, ఫలానా ఇంటి పిల్లగా కాకుండా, రమ్మని ఎవరైనా పిలవడం అదే మొదటిసారి. నెల తర్వాత నా పేరుతోనే చేరాను. అన్న నాతో పదిరోజులు మాట్లాడలేదు, తర్వాత నా వెనక కుర్చీ వేసుకుని సలహాలివ్వడం మొదలుపెట్టాడు.

కట్టు విప్పిన వారానికి నాన్న తెల్లచొక్కా వేసుకున్నాడు. కబురేమీ రాలేదే అని అమ్మ అడిగితే, నేనే పోతున్నానన్నాడు. చేతికర్ర పట్టుకుని ఒక్కడే జమ్మలమడుగు బస్సెక్కాడు. ఆ రోజు మంగళవారం. రాలేనని లీడర్‌కు ఒక ముక్క రాసి నేను గడపలో కూర్చున్నాను. అన్న వీధి చివరకూ ఇంటికీ తిరిగాడు. ఏమంటారో, ఆయన్ను తిరిగి పంపుతారో లేదో మాకు తెలియదు.

చీకటి పడకముందే వచ్చాడు. అమ్మ నీళ్లిచ్చింది. చెంబు పక్కన పెట్టి ఆయన చెప్పాడు. "మా నాయన మాటకు నేనొచ్చినా, కాలు ఆడినన్నాళ్లు నేనే వస్తా. నా కొడుకు రాడు, నాతోనే సరి అని చెప్పినా. సరేలే పో అన్న్యాడు." అమ్మ దేవుడి పటం వైపు చేతులు జోడించింది. నాన్న ముఖంలో మాత్రం సంతోషం లేదు. "ముప్పై ఏండ్లు పోయినా ఆ ఇంటికి. ఈపొద్దు కూర్చోమని అనల్యా," అన్నాడు.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. కొడుకు బయటపడ్డాడు, ఈయన కుర్చీ కోసం బాధపడతాడేమిటి అనుకున్నాను. పైకి అనలేదు గానీ చాలారోజులు మనసులో తిట్టుకున్నాను. తర్వాత ఆయనకు కబురు రావడమే ఆగిపోయింది. బస్టాండులో మా ఊరివాళ్లు ఎదురైతే ముఖం తిప్పుకునేవాళ్లు. ఇంకో ఎన్నికలు రాకముందే అన్నకు బెంగళూరులో ఉద్యోగం దొరికింది.

నేను గిల్డ్‌లో ఏడాదిన్నర ఉన్నాను. బీఈడీలో సీటొచ్చాక సాయంత్రాలు కుదరక రెండు లైన్లు రాసి మానుకున్నాను. అందరూ మంచిమాటలు చెప్పి సాగనంపారు. వారం తర్వాత శనివారం ఉండబట్టలేక ఊరికే చూద్దామని లోపలికెళ్లాను. నా చోటులో ఇంకో హీలర్ ఉన్నాడు. రెయిడ్ నడుస్తోంది, నన్ను పలకరించే తీరిక ఎవరికీ లేదు. తప్పేమీ లేదు, నేనున్నప్పుడు మేమూ అంతే. అయినా కంప్యూటర్ ఆపేసి, సిగ్గులేకుండా వెక్కివెక్కి ఏడ్చాను. బొమ్మలాట కోసం ఏడుపేమిటని అమ్మ నవ్వింది.

నాన్న నవ్వలేదు. కర్ర ఆనించి నా పక్కన నేలమీద కూర్చున్నాడు.

"మానుకున్నోళ్లకు కొన్నాళ్లు ఇట్లనే ఉంటాది పాపా," అన్నాడు. "నాకు ఇంగా పోల్యా."