బేత్లెహేము ఆంటీ, ఆవిడ తమ్ముడు

కెనడాలో, గ్వెల్ఫ్ ఊళ్ళో మా పక్కింటి ఆంటీ పాలస్తీనా క్రైస్తవురాలు. పుట్టింది బేత్లెహేములో. ఆ సంగతి తెలిసిన రోజు నా నోరు ఊరుకుంటేనా? "మీవాళ్ళు ప్రభువును ఎప్పుడు నమ్ముకున్నారు ఆంటీ?" అని అడిగేశాను. మా గుంటూరు వైపు క్రైస్తవులం ఒకరినొకరు మామూలుగా అడిగే ప్రశ్నే అది. మా ఇంట్లో అయితే తాతయ్య కాలంలో. ఆవిడ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "మీ అందరికంటే ముందేనమ్మా. ఆయన పుట్టింది మా ఊళ్ళోనే కదా!" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. మా స్నేహం మాత్రం ఆ రోజే మొదలైంది.

ఆవిడతోపాటు ఆ ఇంట్లో ఆవిడ తమ్ముడు ఉంటారు. వాళ్ళు జోర్డాన్ మీదుగా కెనడా వచ్చారు. అందుకని ఎవరు ఏ దేశమని అడిగినా ఆయన "జోర్డాన్" అని ఊరుకుంటారు. ఆంటీ మాత్రం కూరగాయల కొట్లో అడిగినా "పాలస్తీనా" అంటారు. దీని మీద ఆ అక్కాతమ్ముళ్ళు కొట్టుకోని వారం లేదు. అక్కడ ఒకే దేశం ఉండాలా, రెండా, ఇక్కడి ర్యాలీలకు వెళ్ళాలా వద్దా, అన్నీ వచ్చేవి. ఏ దారిన వెళ్ళినా చివరికి పాలస్తీనా అన్న ఆ ఒక్క మాట దగ్గరికే చేరేవారు. పాపం, నేనుంటే నా కోసం ఇంగ్లీషులో కొట్టుకునేవారు.

"ఆ మాట అన్నామంటే ఎదుటివాళ్ళకి మనం మనుషుల్లా కనపడం అక్కా. ఒక గొడవలా కనపడతాం. నాకు ప్రశాంతంగా బతకాలనుంది" అనేవారాయన.

"నువ్వు దాచుకుంటూ పోతే రేపు నీ పిల్లలకి ఏం మిగులుతుందిరా?" అనేవారు ఆంటీ.

ఇద్దరి మాటా న్యాయంగానే అనిపించేది. నేనేం తీర్పు చెప్పను, నా మొహం! టీ తాగి వచ్చేసేదాన్ని.

పోయిన డిసెంబరులో మా తెలుగు చర్చి సంఘంలో పండక్కి ముందు చేసుకునే సెమీ క్రిస్మస్‌కు ఇద్దరినీ పిలిచాను. సంఘ పెద్ద ఆంటీని లేచి తన విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పమన్నారు, దాన్ని తెలుగు చెయ్యడం నా పని. కారులో తమ్ముడు ఒకటే బతిమాలడం. "బేత్లెహేము అను, చాలు. వాళ్ళు సంతోషిస్తారు. ఆ రెండో మాట ఇవాళ్టికి వద్దక్కా." ఆంటీ కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నారు. ఆయన భయం నాకూ అర్థమైంది. మా ప్రార్థనల్లో ప్రతి ఆదివారం ఇశ్రాయేలు ఉంటుంది. పాలస్తీనా ఏనాడూ లేదు.

నేను నేర్పినట్టే "అందరికీ వందనాలు" అని మొదలుపెట్టారు ఆంటీ. బేత్లెహేము అనగానే హాలంతా హల్లెలూయా! ఆ సందడి తగ్గాక మెల్లగా అన్నారు: "నేను పాలస్తీనియన్‌ని. మా అమ్మ, మా అమ్మమ్మ కూడా. మావాళ్ళు ఇప్పటికీ ఆ ఊరి చర్చికే వెళ్తున్నారు." సంఘ పెద్ద, ఇది వదిలెయ్యి అన్నట్టు నా వంక చూశారు. చూస్తే చూడనీ అనుకుని ఉన్నదున్నట్టు తెలుగులో గట్టిగా చెప్పాను. ఈసారి హల్లెలూయా లేదు.

భోజనాల దగ్గర ఒక అంకుల్ ప్లేటు పట్టుకుని వచ్చారు. "అదేంటండీ, బేత్లెహేము ఇశ్రాయేలులోది కదా? బైబిల్లోనే ఉంది. మరి అక్కడ జరిగేదానికి మీరేమంటారు?" అని ఇంగ్లీషులో అందుకున్నారు. ఇంకో ఇద్దరు పోగయ్యారు. ఎంతమందికైనా జవాబు చెప్పే మనిషి, ఆ పూట ఆంటీ తల వంచుకుని ప్లేటులో అన్నం కెలుకుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ తమ్ముడు కుర్చీలోంచి లేచారు.

"ఆవిడ మా అక్క. నేనూ పాలస్తీనియన్‌నే. ఏమైనా అడగాలంటే నన్ను అడగండి. ఆవిడని తిననివ్వండి."

అంకుల్ మంచి మనిషే, "సారీ అండీ" అంటూ గబగబా వెళ్ళి పెరుగు చట్నీ తెచ్చి ఆంటీ ప్లేటులో వేశారు. ఆంటీ తినడం లేదు. తమ్ముడి చొక్కా చెయ్యి పట్టుకుని బొటబొటా కన్నీళ్ళు కారుస్తున్నారు.

"ఏమైంది ఆంటీ?" అన్నాను.

"ఈ దేశం వచ్చాక వాడి నోట ఆ మాట వినడం ఇదే మొదటిసారి" అన్నారు.

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నారు. "రేపు ఎవరైనా అడిగితే మళ్ళీ జోర్డాన్ అనే అంటాను" అని గొణిగారు.

"అనుకోరా" అన్నారు ఆంటీ, చెయ్యి వదలకుండా. "నాకు ఇవాళ్టిది చాలు."